డౌన్ సిండ్రోమ్ బిడ్డతో వినోద పార్కుకు

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను వినోద పార్కుకు తీసుకెళ్లే ముందు మూడు సంగతులు తేలాలి. బిడ్డ ఒంటికి ఏ ఆటలు సరిపడతాయి, జనంలో ఎంతసేపు ఉండగలుగుతుంది, దేన్ని చూస్తే సంతోషపడుతుంది. ఈ మూడూ తేలితే గద్వాల జిల్లా మానవపాడు నుంచి హైదరాబాద్ దాకా పోయి రావడం ఏ కుటుంబానికైనా చేతనయ్యే పనే. తేలకపోతే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు భయపడో మొహమాటపడో ఆ బిడ్డను అవ్వ దగ్గర వదిలి, మిగతా పిల్లలను వెంట తీసుకెళ్తారు. ఇంకొందరు అందరు పిల్లలతో సమానంగా చూడాలన్న మంచి ఉద్దేశంతోనే, చేయించవలసిన పరీక్షలు చేయించకుండా పెద్ద పెద్ద ఆటలు ఎక్కిస్తారు. మొదటిది బిడ్డకు అన్యాయం. రెండోది బిడ్డ ప్రాణానికి ముప్పు.

డౌన్ సిండ్రోమ్ ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు, మందులతో పోయేదీ కాదు. అది పుట్టుకతో వచ్చే స్థితి. మనిషి కణాల్లో క్రోమోజోములు 23 జతలుగా, మొత్తం 46 ఉంటాయి. వాటిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటే ఈ స్థితి ఏర్పడుతుంది. దీని లక్షణాలను 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్‌డన్ డౌన్ వివరించాడు. అసలు కారణం 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే తదితరుల పరిశోధనతో బయటపడింది. మూడు 21లు అన్న లెక్కనే గుర్తుగా పెట్టుకుని మూడో నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని, ఐక్యరాజ్యసమితి 2012 నుంచి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తోంది.

తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్ల తల్లులకు దాదాపు 350 కాన్పుల్లో ఒకటి, 40 ఏళ్లకు దాదాపు 100 కాన్పుల్లో ఒకటి. అయినా ఎక్కువ కాన్పులు చిన్న వయసు తల్లులవే కాబట్టి, ఇలాంటి పిల్లల్లో చాలామంది చిన్న వయసు తల్లులకు పుట్టినవారే. మేనరికం చేసుకోవడం వల్ల ఇలా జరిగిందనీ, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ పల్లెల్లో ఇంకా అంటుంటారు. మేనరికం వల్ల కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరిగే మాట నిజమే. డౌన్ సిండ్రోమ్‌కు మాత్రం దానితో సంబంధం లేదు. గ్రహణంతో అసలే లేదు. తల్లి చేసిన తప్పు ఇందులో ఏమీ లేదన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసినప్పుడు బిడ్డను నలుగురిలోకి తీసుకుపోవడానికి వెనకాడటం చాలా తగ్గుతుంది.

ప్రయాణానికి తొలి అడుగు డాక్టరు గదిలో పడాలి. అక్కడ ముందుగా అడగవలసింది మెడ గురించి. ఈ పిల్లల కండరాలు మెత్తగా ఉంటాయి, ఎముకలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే కట్లు వదులుగా ఉంటాయి. అందువల్ల తలకు దిగువన ఉండే మొదటి రెండు మెడ పూసలు, వైద్యులు అట్లాస్, యాక్సిస్ అని పిలిచేవి, కొందరిలో అవసరానికి మించి కదులుతాయి. ఆ పూసల మధ్య నుంచే వెన్నుపాము కిందికి దిగుతుంది. తల ఒక్కసారిగా ముందుకో వెనక్కో ఊగితే పూస జరిగి వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. ఎక్స్‌రేలో ఈ వదులుతనం కొద్దిమందిలో కనిపిస్తుంది. దానివల్ల నిజంగా ఇబ్బంది పడేవారు నూటికి ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరిలో తమ బిడ్డ ఉందో లేదో తెలుసుకోవడం ప్రతి తల్లిదండ్రులకూ అవసరమే.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన మెడకు ఎప్పటికీ ఏమీ కాదని చెప్పలేరు. మూడేళ్లలోపు పిల్లలకు ఆ ఎక్స్‌రే పెద్దగా పనికిరాదు కూడా. అందుకే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు, లక్షణాలేవీ లేని పిల్లలందరికీ ఎక్స్‌రే తీయనక్కరలేదని చెబుతూ, లక్షణాలను మాత్రం ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలంటాయి. ఆ లక్షణాలు ఇంట్లోవాళ్లు గుర్తుపట్టగలిగినవే. మెడ నొప్పి అనడం, తల ఒక పక్కకు వంచి ఉంచడం, నిన్నటిదాకా బాగా నడిచిన బిడ్డ తడబడటం, మెట్లెక్కనని మొరాయించడం, చేతిలో వస్తువు జారిపోవడం, మూత్రం చెప్పే అలవాటు ఉన్న బిడ్డ మళ్లీ బట్టలు తడుపుకోవడం. మాటలు సరిగా రాని బిడ్డ నొప్పి అని చెప్పలేదు, మెడ పట్టుకుంటుంది లేదా ఊరికే చిరాకుపడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పార్కు ప్రయాణం ఆపి, ముందు డాక్టరుకు చూపించాలి. లక్షణాలు లేకపోయినా రోలర్ కోస్టర్ వంటివి ఎక్కించాలనుకుంటే ఆ ఆట ఎలా కుదుపుతుందో వీడియో చూపించి మరీ డాక్టరును అడగడం మంచిది. ‘పార్కుకు పోవచ్చా’ అన్న ప్రశ్నకు ‘పోవచ్చు’ అనే జవాబు వస్తుంది. అది ఏ ఆట ఎక్కవచ్చో చెప్పదు.

తర్వాత గుండె. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. గదుల మధ్య గోడలో రంధ్రం ఉండటం, పై గదులకూ కింది గదులకూ నడుమ ఉండే గోడా కవాటాలూ సరిగా ఏర్పడకపోవడం వీటిలో ముఖ్యమైనవి. పుట్టిన మొదటి నెలల్లోనే ఎకో పరీక్ష చేయించి, అవసరమైతే వేళకు ఆపరేషన్ చేయిస్తే ఈ పిల్లలు పెద్దవాళ్లవుతారు, పనులు చేసుకుంటారు. అమెరికాలో 1980ల తొలినాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు 25 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడది దాదాపు 60కి చేరింది. ఆ మార్పులో పసిపిల్లల గుండె ఆపరేషన్ల పాత్ర పెద్దది. ఆపరేషన్ అయి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు చిన్న ఆటలు ఎక్కడానికి సాధారణంగా అడ్డు ఉండదు, అయినా గుండె డాక్టరు మాటే చెల్లాలి. ఆపరేషన్ కాని బిడ్డ, కొద్దిగా ఆడితేనే పెదవులు నీలంగా మారే బిడ్డ, ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఉన్న బిడ్డ ఎత్తు నుంచి ఒక్కసారిగా కిందికి జారే ఆటలకు దూరంగా ఉండాలి.

చెవి, కన్ను, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోవాలి. ఈ పిల్లల్లో నూటికి 75 మంది దాకా ఏదో ఒక మేరకు వినికిడి సమస్య ఉంటుంది. చెవి లోపల నీరు చేరడం దానికి పెద్ద కారణం. చెవిలో గొట్టం అమర్చి ఉంటే నీటి ఆటలకు ముందు డాక్టరును అడగాలి. సగానికి పైగా పిల్లలకు చూపు సమస్యలుంటాయి. కళ్లద్దాలున్న బిడ్డకు తల వెనక పట్టీ కట్టకపోతే మొదటి ఆటలోనే అద్దాలు ఎగిరిపోతాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్న బిడ్డ త్వరగా అలసిపోతుంది, ఆ అలసటను ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు.

మానవపాడు ప్రాంతం వారికి ఈ పరీక్షల కోసం గద్వాల జిల్లా ఆసుపత్రి, తుంగభద్ర అవతల కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందాలు 2013 నుంచి దేశమంతటా పనిచేస్తున్నాయి. ఆ బృందాలు గుర్తించవలసిన పుట్టుక లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తెలంగాణ మండలాల్లో నడిచే భవిత కేంద్రాల టీచర్లు, బిడ్డ ఏ మాటలు అర్థం చేసుకుంటుందో, దేనికి బెదురుతుందో డాక్టరు కన్నా బాగా చెప్పగలరు. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ అది. బిడ్డ సామర్థ్యాన్ని అంచనా వేయించుకోవడానికి ఎలాగూ అక్కడికి పోవలసిన కుటుంబం, ఒక రోజు ఆ పనికి, మరుసటి రోజు పార్కుకు పెట్టుకుంటే రెండు ప్రయాణాల ఖర్చు ఒకటిగా కలిసివస్తుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల పార్కులన్నీ ఒక తీరువి కావు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. అక్కడ సందర్శకులను బస్సులో కూర్చోబెట్టి సెట్టింగులు, తోటలు చూపిస్తారు, మధ్య మధ్య ఆటపాటల ప్రదర్శనలు ఉంటాయి. పాట వినగానే కాలు కదిపే పిల్లలకు, ఎక్కువ నడవలేని పిల్లలకు అది అనువైన చోటు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సంగీతం, నాట్యం ఇష్టపడేవారు చాలామంది. 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లాలో ఆటలదే పెద్దపీట. ఒళ్లు గగుర్పొడిచే రోలర్ కోస్టర్లు, నీటి జారుళ్లు, చిన్నపిల్లల చిన్న ఆటలు, అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. అక్కడ టికెట్టు ధరకు వయసును కాక ఎత్తును లెక్కలోకి తీసుకుంటారు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు తోటివారి కన్నా పొట్టిగా ఉంటారు కాబట్టి, పదేళ్ల బిడ్డకు కూడా ఆరేడేళ్ల బిడ్డ ఆటలే అందుబాటులో ఉండవచ్చు. ఇది ముందే తెలుసుకుని బిడ్డకు చెప్పి ఉంచితే గేటు దగ్గర ఏడుపు ఉండదు. ట్యాంక్‌బండ్ దిగువన ఉన్న స్నో వరల్డ్‌లో గడ్డకట్టే చలి ఉంటుంది. గుండె లోపం ఉన్న బిడ్డకు, తరచూ న్యుమోనియా వచ్చే బిడ్డకు అది తగదు. తొలిసారి వెళ్లే కుటుంబానికి రామోజీ ఫిల్మ్ సిటీ మేలు, బిడ్డ అలవాటుపడ్డాక ఆటల పార్కు చూడవచ్చు.

హైదరాబాద్ పార్కులో బిడ్డ ఎలా ఉంటుందో సొంత ఊరి జాతరలోనే కొంత తెలిసిపోతుంది. గద్వాల దగ్గర జమ్ములమ్మ జాతర, శివరాత్రికి అలంపురం, బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి, ఇవన్నీ జనం, వరుస, మైకుల మోత, రంగుల దీపాలు ఉండే చోట్లే. అక్కడ అరగంట ఉండి రావడం, తర్వాతిసారి గంట ఉండటం, అలంపురం గుడిలో జోగుళాంబ దర్శనం వరుసలో నిలబడటం, ఇలా మెల్లగా అలవాటు చేయవచ్చు. మోతకు చెవులు మూసుకునే బిడ్డకు చెవులను కప్పే మఫ్‌లు కొనిపెట్టాలి. జాతరలో గుర్రాల రంగులరాట్నం ఎక్కిస్తే చాలు. అక్కడ తాత్కాలికంగా బిగించే జెయింట్ వీల్‌లో చాలాసార్లు అడ్డంగా ఒక గొలుసు తప్ప పట్టీ ఉండదు. ఒళ్లు వదులుగా ఉండే బిడ్డ దాని కింది నుంచి జారగలదు. దానిమీదికి ఎక్కించకపోవడమే క్షేమం.

ఈ పిల్లలు చెవితో విన్నదాని కన్నా కంటితో చూసినదాన్ని బాగా పట్టుకుంటారు. ఎన్నో పరిశోధనల్లో తేలిన సంగతి ఇది, ఇంట్లో తల్లులకూ తెలిసినదే. ‘రేపు పార్కుకు పోతున్నాం, అక్కడ అల్లరి చేయొద్దు’ అని పదిసార్లు చెప్పడం కన్నా బస్సు, గేటు, వరుస, రంగులరాట్నం, భోజనం, మళ్లీ బస్సు, ఇల్లు అని ఏడు బొమ్మలు వరుసగా అంటించిన అట్ట ఒకటి చేతికి ఇస్తే మేలు. ఒక్కో పని అయిపోగానే ఆ బొమ్మను తిప్పి పెట్టనివ్వాలి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన బిడ్డ భయపడదు. పార్కు వీడియోలు సెల్‌ఫోన్‌లో వారం ముందు నుంచి చూపించాలి. నీటి జారుళ్ల దగ్గర సిబ్బంది వెల్లకిలా పడుకోమంటారు, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోమంటారు, కాళ్లు దగ్గరగా ఉంచుకోమంటారు. ఆ పడుకునే తీరును ఇంట్లో చాప మీద ఆటగా నేర్పవచ్చు. ఆ మూడు మాటలు విని చేయలేని బిడ్డను ఒంటరిగా జారుడులోకి వదలకూడదు.

మానవపాడు నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తా, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నాలుగు గంటల దారి. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే సిటీ రద్దీలోకి పోకుండానే రావిర్యాల చేరవచ్చు. బస్సు దిగీదిగగానే పార్కులోకి పరుగెత్తితే బిడ్డ అప్పటికే సగం అలసి ఉంటుంది. ముందురోజు సాయంత్రం వెళ్లి బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున తీరిగ్గా బయల్దేరడం మంచిది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. రైల్లో పోయేవారికి కాచిగూడ, కర్నూలు మార్గంలో మానవపాడు స్టేషన్ ఉంది. తోడు లేకుండా ప్రయాణించలేని మేధో వైకల్యం ఉన్నవారికీ, వెంట వచ్చే ఒకరికీ స్లీపర్, సెకండ్ క్లాసు టికెట్లలో 75 శాతం రాయితీ ఇస్తారు. అందుకు రైల్వే చెప్పిన నమూనాలో ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ కాలం వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది గాని మిరప కోతలు ముంచుకొచ్చే ఇళ్లకు ఆ కాలంలో తీరికుండదు. వానలు తగ్గి, దసరా సెలవులు అయిపోయాక వచ్చే మామూలు పనిదినాలు అన్ని విధాలా నయం.

పార్కులో పెద్ద పరీక్ష వరుస. మూడు నిమిషాల ఆటకు ముప్పావుగంట నిలబడటం పెద్దవాళ్లకే కష్టం. మెత్తటి కండరాలు, చదునైన పాదాలు ఉన్న బిడ్డకు నిలబడటమే ఒక పని. ఆటకు సమయం వచ్చేసరికి ఓపిక మిగలదు. అమెరికాలోని డిస్నీ పార్కులు 2013లో ఒక పద్ధతి తెచ్చాయి. వికాస సంబంధమైన వైకల్యం వల్ల మామూలు వరుసలో నిలవలేనివారు తమ వంతు వేళ రాయించుకుని, అప్పటిదాకా వేరేచోట కూర్చోవచ్చు. అర్హులెవరన్న నియమాలను 2024లో బిగించారు కాబట్టి అక్కడి తెలుగు కుటుంబాలు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. మన పార్కుల్లో కొంత ఎక్కువ ధరకు, వరుసలో నిలవకుండా వెళ్లే టికెట్లు అమ్ముతారు. ఆ డబ్బు పెట్టలేనివారు గేటు దగ్గరే అధికారిని కలిసి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టో యూడీఐడీ కార్డో చూపించి, వరుసలో తండ్రి నిలబడితే వంతు వచ్చినప్పుడు తల్లీ బిడ్డా వచ్చి కలిసేలా అనుమతి అడగవచ్చు. అడిగితే ఒప్పుకునే మనుషులే ఎక్కువ.

అడగడం బతిమాలుకోవడం అనుకోనక్కరలేదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. అందులోని 30వ అధికరణం, ఆటల్లో వినోదాల్లో పాల్గొనే అవకాశం వికలాంగ పిల్లలకు మిగతా పిల్లలతో సమానంగా ఉండాలంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. దాని 29వ సెక్షన్ సంస్కృతికీ వినోదానికీ సంబంధించినదే. అందరూ వాడుకునేలా కట్టడాలు ఉండాలన్న నిబంధనలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి కావాలి అని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారమైంది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా పార్కుల్లో ర్యాంపు కట్టడంతో పని అయిపోయిందనుకుంటారు. మేధో వైకల్యం ఉన్న బిడ్డకు కావలసింది చప్పుడు లేని ఒక గది, బొమ్మల్లో రాసిన సూచనలు, ఓపికగా మాట్లాడే సిబ్బంది. వీటికి పెద్ద ఖర్చు లేదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ ఇలాంటి ఆలోచనతోనే పుట్టింది. గోర్డన్ హార్ట్‌మన్ అనే వ్యాపారి కూతురు మోర్గాన్‌కు శారీరక, మేధో వైకల్యాలున్నాయి. ఒక సెలవు ప్రయాణంలో ఈతకొలను దగ్గర ఆ అమ్మాయి తోటి పిల్లలతో ఆడబోతే వాళ్లు తప్పుకుని వెళ్లిపోయారు. ఆ సంఘటన చూసిన తండ్రి అందరు పిల్లలూ కలిసి ఆడే పార్కు కట్టించాడు. చక్రాల కుర్చీతో సహా ఎక్కగల రంగులరాట్నం అక్కడ ఉంది. వికలాంగులకు ప్రవేశం ఉచితం. 2017లో దానికి తోడుగా నీటి పార్కు కూడా తెరిచారు.

పార్కులో ఎంచుకోవలసిన ఆటలు నెమ్మదిగా తిరిగేవి, కుదుపు లేనివి. రంగులరాట్నం, చిన్న రైలు, నిదానంగా సాగే పడవ, తక్కువ ఎత్తు ఊయల ఈ రకానివి. రోలర్ కోస్టర్, పైనుంచి ధబాలున దించే టవర్, తల కిందికి వేలాడే ఆటలు, ఒకదాన్నొకటి ఢీకొట్టే డాషింగ్ కార్లు మెడను విదిలిస్తాయి. డాషింగ్ కార్లు చూడటానికి పిల్లల ఆటలాగే ఉంటాయి, అందుకే ఎక్కువమంది అక్కడే ఏమరుపాటు పడతారు. ఎత్తు సరిపోయినంత మాత్రాన ఆట సరిపోయినట్టు కాదు. ఒళ్లో పడే కడ్డీ గట్టిగా బిగిసిందా, బిడ్డ చేతులు పట్టుకునే పిడికి అందుతున్నాయా, తనంతట తాను నిటారుగా కూర్చోగలుగుతోందా అన్నవి కూడా చూడాలి. కొత్త ఆట దగ్గర రెండు మూడు విడతలు పక్కన నిలబడి చూడనివ్వాలి. ఈ పిల్లలు ఇతరులను చూసి నేర్చుకోవడంలో దిట్టలు, అన్నో అక్కో ఎక్కి నవ్వుతూ దిగితే తామూ సిద్ధమవుతారు. ఎక్కనంటే వదిలేయాలి. ఒక్క రంగులరాట్నమే ఆరుసార్లు ఎక్కుతానంటే ఎక్కనివ్వాలి. టికెట్టు డబ్బు గిట్టుబాటు కావాలని అన్ని ఆటలూ తిప్పడం బిడ్డ కోసం వచ్చిన ప్రయాణాన్ని చెడగొడుతుంది.

నీటి ఆటల సంగతి విడిగా చెప్పుకోవాలి. మానవపాడు ప్రాంతంలో రాజోలిబండ (ఆర్‌డీఎస్) కాలువ గట్టున పెరిగిన పిల్లలకు నీళ్లు కొత్త కాకపోవచ్చు గాని, పైనుంచి విరుచుకుపడే అలల కొలను కొత్తే. లోతు తక్కువ ఉన్న చోట, లైఫ్ జాకెట్ తొడిగి, పెద్దవాళ్లలో ఒకరు చేయి అందేంత దగ్గర ఉండాలి. తలకిందులుగా నీళ్లలోకి దూకడం, తల ముందుకు పెట్టి జారడం అసలు వద్దు. చాలా పార్కుల్లో నూలు బట్టలతో నీళ్లలోకి రానివ్వరు. ఒంటికి అతుక్కునే ఈత దుస్తులు కొందరు పిల్లలకు చిరాకు కాబట్టి వాటిని ముందే కొని ఇంట్లో స్నానానికి వేసి అలవాటు చేయాలి. బట్టలు మార్చే గదుల దగ్గర మరో కష్టం. పన్నెండేళ్ల కొడుకును ఒంటరిగా మగవాళ్ల గదిలోకి పంపలేక, తన వెంట ఆడవాళ్ల గదిలోకి తీసుకెళ్లలేక తల్లి నిలబడిపోతుంది. తండ్రో మేనమామో వెంట ఉండటం మంచిది. ఎవరూ లేకపోతే కుటుంబానికి విడిగా గది ఇవ్వమని సిబ్బందిని అడగాలి. పార్కులన్నీ ఇలాంటి గది ఒకటి ఏర్పాటు చేయడం న్యాయం.

ఉన్నట్టుండి నేల మీద కూలబడి కదలనని భీష్మించడం ఈ పిల్లల్లో తరచూ కనిపిస్తుంది. ఒక పని నుంచి మరో పనికి మారమన్నప్పుడే ఎక్కువగా ఇలా జరుగుతుంది. అది మొండితనంలా కనిపించినా, చాలాసార్లు అలసట, భయం, లేదా చెప్పిన మాట అర్థం కాకపోవడం దాని వెనక ఉంటాయి. రెక్క పట్టి లాగకూడదు, వదులు కీళ్లు జారతాయి. పక్కన కూర్చుని, బొమ్మల అట్ట చూపించి, రెండు నిమిషాలు ఆగితే చాలామంది లేస్తారు. మరో తీరు, కొత్తవాళ్ల దగ్గరికి కూడా ఆప్యాయంగా పోయి చేయి పట్టుకోవడం. జనంలో తప్పిపోయే ప్రమాదం దీనితో ఎక్కువ. మణికట్టుకు పేరు, ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టాలి. ఆ ఉదయం వేసిన బట్టలతో ఫొటో తీసి ఉంచుకోవాలి. తప్పిపోతే పార్కు సిబ్బందికి వెంటనే చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి, పోలీసు నంబరు 112కి ఫోన్ చేయాలి. బిడ్డ చేయి పట్టుకునే పని పెద్దవాళ్లే వంతులవారీగా చేయాలి. రోజంతా చెల్లి మీదో తమ్ముడి మీదో పెడితే ఆ పిల్లలకు పార్కు దక్కదు.

తిండి విషయంలో పార్కులు బయటి పదార్థాలను సాధారణంగా లోపలికి రానివ్వవు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉంటుంది, కొందరు గట్టి పదార్థాలు నమలలేరు. అలాంటి బిడ్డ కోసం డాక్టరు చీటీ చూపించి ఇంటి భోజనం తీసుకెళ్లడానికి ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. ఈ ప్రాంతపు జొన్నరొట్టెలో గోధుమలోని గ్లూటెన్ ఉండదు. మెత్తగా పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె, పెరుగన్నం అలాంటి పిల్లలకు సరిపోతాయి. గంట గంటకూ నీళ్లు తాగించాలి, దాహమైందని అడిగే అలవాటు చాలామందికి ఉండదు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా నీడన పడుకోబెట్టడం మంచిది. సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఉండాలన్న పట్టుదల అక్కరలేదు.

తేరిపార చూసేవారు, గుచ్చి గుచ్చి అడిగేవారు ఎక్కడైనా ఎదురవుతారు. చిన్నపిల్లలు అడిగితే ‘తనకు మాటలు నెమ్మదిగా వస్తాయి, నీతో ఆడాలని ఉంది’ అని చెబితే వాళ్లు సులువుగా కలిసిపోతారు. పెద్దవాళ్ల జాలి మాటలకు జవాబు చెబుతూ కూర్చోవలసిన పని తల్లికి లేదు.

ఇంటికి వచ్చాక ఆ రోజు తీసిన ఫొటోలు అచ్చు వేయించి చిన్న పుస్తకంలా కుడితే, రంగులరాట్నం, రైలు, నీళ్లు, బస్సు వంటి మాటలు నేర్పడానికి భవిత కేంద్రం టీచరుకు మంచి పరికరం దొరికినట్టే. తర్వాతి వారం రోజులు నడక మీద, మెడ మీద కన్నేసి ఉంచాలి. తల పక్కకు వాల్చడం, అడుగులు తడబడటం, చేతుల్లో పట్టు తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే మర్దన చేయకూడదు, మెడ తిప్పి చూడకూడదు. తల కదలకుండా రెండు పక్కలా మడిచిన దుప్పటి పెట్టి, 108 అంబులెన్సు పిలిపించి ఆసుపత్రికి చేర్చాలి. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందనీ, ఏ ఆటలు ఎప్పుడు ఎక్కిందనీ అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.